మెయిన్ దించి చూపించండి

మన ఊళ్లలో ఆస్పత్రి బోర్డు మీద చివరి వరుసలు దాదాపు ఒకేలా ఉంటాయి. 24 గంటల ఫార్మసీ, 24 గంటల అంబులెన్స్, 24 గంటల జనరేటర్ సదుపాయం. మొదటి రెండూ అబద్ధమైతే రోగి బంధువులకు పది నిమిషాల్లో తెలిసిపోతుంది. మూడోది నిజమో కాదో తెలియాలంటే కరెంటు పోవాలి. అప్పుడు తెలుసుకుని చేయగలిగిందేమీ ఉండదు.

ఆస్పత్రుల్లో ఎలక్ట్రికల్ పనులు చేయడం నా వృత్తి. నా వాదన ఒక్కటే కాబట్టి దాన్ని ముందే చెప్పేస్తాను. ప్రతి ఆస్పత్రీ నెలకోసారి, పట్టపగలు, రోగులు బెడ్ల మీద ఉండగానే తన మెయిన్ బ్రేకర్ దించాలి. జనరేటర్ గదిలో టెస్ట్ బటన్ నొక్కితే సరిపోదు. డిస్కం నుంచి వచ్చే సప్లైని నిజంగానే ఆపాలి. ఈ మాట అనగానే చాలామంది డాక్టర్లు కాసేపు నా ముఖం చూసి, వేరే విషయం ఎత్తుకుంటారు.

2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే పెట్టిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లోనే నర్సీపట్నం ప్రభుత్వాస్పత్రిలో సెల్‌ఫోన్ టార్చ్‌ల వెలుగులో కాన్పు చేశారన్న వార్త వచ్చింది. ఉన్న జనరేటర్ పనిచేయలేదని ఆ వార్తల సారాంశం. అంతకు ముందు 2016 జూలైలో, సికింద్రాబాద్ గాంధీ ఆస్పత్రిలో కరెంటు పోయి జనరేటర్లు మొరాయించిన రోజు 21 మంది చనిపోయారని పత్రికలు రాశాయి. ఆ మరణాలకూ కరెంటుకూ సంబంధం లేదని ఆస్పత్రి అధికారులు చెప్పారు. ఎవరిది నిజమో ఇక్కడ కూర్చుని నేను తేల్చను. కానీ అలాంటి వాదన తేలాలంటే ఏ వార్డులో ఏ బెడ్‌కు ఎన్ని గంటలకు సప్లై ఆగింది, మళ్లీ ఎప్పుడు వచ్చింది అని రాసి ఉన్న కాగితం కావాలి. నేను చూసిన ఆస్పత్రుల్లో ఆ కాగితం పెట్టేవి చాలా తక్కువ.

కరెంటు పోయాక ఏం జరుగుతుందో సెకన్ల లెక్కన చూద్దాం. కరెంటు పోతే జనరేటర్‌ను తానే స్టార్ట్ చేసే ఏఎంఎఫ్ ప్యానెల్, సప్లై పోయిందని గుర్తించి రెండు మూడు సెకన్లు ఆగుతుంది. రెప్పపాటు డిప్‌కే ఇంజిన్ స్టార్ట్ కాకూడదు కదా. తర్వాత బ్యాటరీ మీద స్టార్టర్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకుంటుంది, వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ నిలదొక్కుకుంటాయి, ఆస్పత్రి లోడ్‌ను జనరేటర్ మీదికి మళ్లించే ఛేంజోవర్ స్విచ్ మారుతుంది. అంతా సవ్యంగా ఉంటే పది సెకన్ల లోపే అయిపోతుంది. అమెరికాలో ఆస్పత్రుల అత్యవసర సప్లైకి కోడ్ పెట్టిన గడువు కూడా 10 సెకన్లే. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60364లో వైద్య స్థలాల కోసం రాసిన భాగం ఇంకొంచెం విడదీసి చెబుతుంది. ఓటీ (ఆపరేషన్ థియేటర్) టేబుల్ మీది లైటు అర సెకనులో తిరిగి రావాలి, ప్రాణాధారమైన మిగతా వాటికి 15 సెకన్లు. మన జాతీయ ఎలక్ట్రికల్ కోడ్‌లోనూ ఆస్పత్రులకు ప్రత్యేక విభాగం ఉంది. అంటే రాయడంలో లోటు లేదు.

ఆ పది సెకన్లలో ఏ మెషిన్ ఏమవుతుందో బయటివాళ్లకు అంతగా తెలియదు. ఐసీయూ వెంటిలేటర్‌కు లోపల బ్యాటరీ ఉంటుంది, అది ఆరోగ్యంగా ఉంటే రోగికి కరెంటు పోయిన సంగతే తెలియదు. సిరంజ్ పంపు కూడా అంతే. పసిపిల్లల వార్మర్‌కు సాధారణంగా బ్యాటరీ ఉండదు. నెలలు నిండని బిడ్డ ఒళ్లు చల్లబడటానికి ఎంతోసేపు పట్టదు. గోడకు ఉన్న సక్షన్ కింద గదిలో పంపు తిరిగితేనే లాగుతుంది. డయాలసిస్ సంగతి వేరు. అక్కడ రోగి రక్తం కొంత ఎప్పుడూ ట్యూబుల్లో, ఫిల్టర్‌లో బయటే ఉంటుంది. పంపు ఆగిపోతే అది గడ్డకట్టడం మొదలవుతుంది. చాలా మెషిన్లలో కొద్ది నిమిషాలకు సరిపడా బ్యాటరీ ఉంటుంది, అదీ పోతే రక్తాన్ని రోగిలోకి తిరిగి పంపడానికి చేత్తో తిప్పే హ్యాండిల్ ఇస్తారు. మీ డయాలసిస్ టెక్నీషియన్ ఆ హ్యాండిల్‌ను ఎప్పుడైనా తిప్పాడేమో అడిగి చూడండి.

సరే, టెస్టు చేయని ఆస్పత్రి లేదు, లాగ్ బుక్ లేని జనరేటర్ గదీ లేదు. సోమవారం పొద్దున్నే ఎలక్ట్రీషియనో, సెక్యూరిటీ గార్డో వెళ్లి ఇంజిన్ స్టార్ట్ చేస్తాడు. ఐదు నిమిషాలు నడిపి, ఆపి, బుక్‌లో రాస్తాడు. కొన్ని చోట్ల ఏడాది పేజీలన్నీ ఒకే పెన్నుతో, ఒకే ఆయిల్ ప్రెషర్‌తో ఉంటాయి, బహుశా ఒకే సాయంత్రం రాసినవి. నిజాయితీగా రాసిన బుక్ అయినా దానితో తెలిసేది ఇంజిన్ తిరిగిందన్న సంగతి మాత్రమే. బండిని సెంటర్ స్టాండు మీద స్టార్ట్ చేసి శ్రీశైలం ఘాట్ ఎక్కేస్తుందని రాసినట్టు ఉంటుంది ఆ ఎంట్రీ.

పైగా లోడ్ లేకుండా నడపడం ఇంజిన్‌కే మంచిది కాదు. చల్లగా, తేలిగ్గా తిరిగితే డీజిల్ పూర్తిగా కాలదు. మిగిలింది మసిగా, జిడ్డుగా సైలెన్సర్ పైపులో పేరుకుంటుంది. అందుకే అమెరికా నిబంధన నెలకోసారి కనీసం 30 నిమిషాలు, జనరేటర్ రేటింగ్‌లో కనీసం 30 శాతం లోడ్ మీద నడపమంటుంది. దానితో పాటు ఛేంజోవర్ స్విచ్‌లను కూడా నెలనెలా మార్చి చూడాలి, మూడేళ్లకోసారి ఏకధాటిగా నాలుగు గంటలు నడపాలి. మన దగ్గర మామూలుగా కనిపించే 125 కేవీఏ సెట్‌ను తీసుకుంటే, అది సుమారు 100 కిలోవాట్లది, అందులో 30 శాతం అంటే 30 కిలోవాట్లు. జనరేటర్ గదిలో ఒక ట్యూబ్‌లైటు వెలిగించి ఆ లోడ్ తేలేరు. ఆస్పత్రిని దాని మీద పెట్టాల్సిందే.

కోస్తా జిల్లాలో ఒక మోస్తరు ప్రైవేటు ఆస్పత్రి యాజమాన్యాన్ని చాలాకాలం బతిమాలి ఒప్పించాను. ఆదివారం పదకొండు గంటలకు మెయిన్ దించాం. ఏఎంఎఫ్ తన పని తాను చక్కగా చేసింది. చెప్పిన సమయంలోపే లైట్లు వచ్చాయి, కింద అందరూ చప్పట్లు కొట్టేలా ఉన్నారు. అంతలో పైనుంచి సిస్టర్ ఫోన్ చేసింది, "సార్, చివరి రెండు బెడ్లకు రాలేదు" అని. కోవిడ్ సమయంలో ఐసీయూ చాలక పక్క జనరల్ వార్డు గోడ కొట్టి రెండు బెడ్లు కలుపుకున్నారు. ఆ బెడ్ల వెనక సాకెట్లు పాత వార్డు డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు) మీదే ఉండిపోయాయి. ఆ డీబీ అసలు జనరేటర్ లైన్‌లోనే లేదు. డ్రాయింగ్‌లో ఐసీయూ మొత్తం ఎమర్జెన్సీ సప్లై మీద ఉన్నట్టే కనిపిస్తుంది, ఎందుకంటే ఆ డ్రాయింగ్ గోడ కొట్టకముందుది.

సిస్టర్లకు ఆ సంగతి ఎప్పుడో తెలుసు. చిన్న కరెంటు కోతల్లో చూశారు. ఆ సాకెట్ల పక్కన మైక్రోపోర్ ప్లాస్టర్ ముక్క అంటించి, "వెంటిలేటర్ పెట్టొద్దు" అని బాల్ పెన్నుతో రాసుకున్నారు. ఆ మాట వాళ్ల దగ్గర్నుంచి మెయింటెనెన్స్‌కు రాలేదు, మెయింటెనెన్స్ అడగనూ లేదు. నన్నడిగితే ఆస్పత్రి ఎలక్ట్రికల్ ఆడిట్ మొదలు పెట్టాల్సింది నైట్ డ్యూటీ సిస్టర్లతో టీ తాగుతూనే. ఏ సాకెట్ వదులుగా ఉందో, ఏ మానిటర్ బ్యాటరీ రెండు నిమిషాలకే చచ్చిపోతుందో, యూపీఎస్ లైన్ ఉన్న ఎర్ర సాకెట్లో అటెండెంట్లు ఏ రాత్రి కెటిల్ పెట్టి నీళ్లు కాచుకున్నారో వాళ్లు చెప్పినంత ఏ మీటరూ చెప్పదు.

ఇలాంటివి మెయిన్ దించితే తప్ప బయటపడవు. ఇంకొకటి, మనకు బాగా అలవాటైన గొడవే. ఒక ఫేజ్ పోవడం. మూడు ఫేజుల్లో ఒకటి పోతే ఆస్పత్రిలో మూడో వంతు చీకటైపోతుంది. ప్యానెల్‌లో ఫేజ్ ఫెయిల్యూర్ రిలే లేకపోతే, లేదా ఎప్పుడో గొడవ చేస్తోందని ఎవరో దాన్ని బైపాస్ చేసి ఉంటే, మిగిలిన ఫేజులు చూసి అంతా బాగుందనుకుని జనరేటర్ నిద్రపోతుంది. వేసవిలో లో వోల్టేజీ వచ్చినా ఇదే కథ. కరెంటు "ఉంది" కాబట్టి ఏఎంఎఫ్ కదలదు, ఐసీయూ ఏసీలు మాత్రం ఒక్కొక్కటే కూర్చుంటాయి. కాబట్టి మెయిన్ మొత్తం దించడమే కాకుండా, ఒక్కో ఫేజ్ కూడా విడిగా తీసి చూడాలంటాను. దానికి అర్హత ఉన్న సూపర్‌వైజర్ దగ్గరుండాలి, అది వేరే చెప్పక్కర్లేదు.

యూపీఎస్ బ్యాటరీల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే జనరేటర్ కంటే ఇక్కడే ఎక్కువ మోసపోతాం. మనవాళ్లు వాడేవి ఎక్కువగా సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీలు. వాటి ఆయుష్షును 25 డిగ్రీల దగ్గర లెక్కగడతారు. ఆపైన ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందన్నది ఈ వృత్తిలో అందరూ పాటించే లెక్క. ఇప్పుడు మన ఆస్పత్రుల్లో యూపీఎస్ ఎక్కడ పెడతారో గుర్తు తెచ్చుకోండి. మెట్ల కింద, లిఫ్ట్ మెషిన్ గది పక్కన, డాబా మీద రేకుల గదిలో. రెంటచింతల, రామగుండం ఎండల్లో ఆ గదిలో ఎంత వేడి ఉంటుందో వేరే చెప్పాలా? కంపెనీ ఐదేళ్లన్న బ్యాటరీ రెండో వేసవి దాటదు. అయినా డిస్‌ప్లే మీద 100 శాతం అనే ఉంటుంది. అది వోల్టేజీని చూసి చెప్పే మాట. లోడ్ పడ్డాక ఎన్ని నిమిషాలు నిలబడుతుందో దానికి తెలియదు. బ్యాటరీ గదికి ఏసీ పెట్టమంటే "బ్యాటరీకి ఏసీ ఏంటండీ, రోగులకే లేదు" అని నవ్విన మేనేజర్లను చూశాను. అదే మేనేజర్ ప్రతి రెండేళ్లకూ బ్యాటరీ సెట్ మొత్తం కొంటాడు.

జనరేటర్ స్టార్ట్ కాకపోవడానికి కూడా ఎక్కువసార్లు కారణం ఇంజిన్ కాదు, స్టార్టింగ్ బ్యాటరీయే. లక్షలు పెట్టి కొన్న సెట్టు అరిగిపోయిన బ్యాటరీ దగ్గరో, తుప్పుపట్టిన టెర్మినల్ దగ్గరో ఆగిపోతుంది.

"మాకు పైన సోలార్ ఉంది కదా" అనేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. నెట్ మీటరింగ్‌తో పెట్టుకున్న మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా అలా తయారు చేశారు. బ్యాటరీ, హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉంటేనే అది అక్కరకొస్తుంది. చిన్న పీహెచ్‌సీలకు, టీకాల ఫ్రిజ్‌కు, కాన్పు గదికి ఆ ఏర్పాటు చాలా మంచిది, నేను గట్టిగా సమర్థిస్తాను. ఛత్తీస్‌గఢ్‌లో వందల పీహెచ్‌సీలకు అలా చేశారు. సబ్‌స్టేషన్ నుంచి రెండు ఫీడర్లు, అంటే రెండు లైన్లు ఉన్నాయని ధీమాగా ఉండేవాళ్లూ ఉన్నారు. రెండూ ఒకే సబ్‌స్టేషన్ నుంచి వస్తుంటే ఆ ధీమాకు పెద్దగా అర్థం లేదు.

వరద గురించి మాట్లాడాలంటే న్యూయార్క్ వెళ్లాలి. 2012 అక్టోబరులో శాండీ తుపాను వచ్చినప్పుడు అక్కడి బెల్‌వ్యూ ఆస్పత్రిలో జనరేటర్లు పదమూడో అంతస్తులో ఉన్నాయి. ఎంత ముందుచూపు అనిపిస్తుంది. కానీ వాటికి డీజిల్ పంపే పంపులు బేస్‌మెంట్‌లో ఉన్నాయి. నీళ్లు అక్కడికి చేరాయి. నేషనల్ గార్డ్ సైనికులూ సిబ్బందీ మెట్ల మీద వరుసగా నిలబడి, చేతులతో పదమూడు అంతస్తులు డీజిల్ మోశారు. పక్కనే ఉన్న ఎన్‌వైయూ లాంగోన్‌లో బ్యాకప్ ఆగిపోయి 300 మందికి పైగా రోగులను ఖాళీ చేయించారు. వాళ్లలో నియోనేటల్ ఐసీయూ నుంచి 20 మంది పసికందులను నర్సులు చేతుల్లో పట్టుకుని, శ్వాస అందిస్తూ, చీకటి మెట్ల మీదుగా దింపారు. ప్రపంచంలోకెల్లా కట్టుదిట్టమైన కోడ్‌లున్న దేశంలో ఇది జరిగింది. గొలుసులో ఒక్క పంపు తప్పు చోట ఉన్నందుకు మిగతా ఖర్చంతా వృథా అయింది.

మనకు దగ్గర్లో అయితే 2015 డిసెంబరు చెన్నై. అడయార్ పొంగి ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రిలోకి నీళ్లు వచ్చి, జనరేటర్లు మునిగాయి. అక్కడ ఐసీయూలో ఉన్న 18 మంది చనిపోయారు. వాళ్ల పరిస్థితి ముందే విషమంగా ఉందని ఆస్పత్రి చెప్పింది. నిజమే, ఐసీయూలో ఉండేవాళ్ల పరిస్థితి విషమంగానే ఉంటుంది, అందుకే కదా అక్కడ ఉన్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. ఆ తర్వాత కూడా కొత్తగా కట్టే ఆస్పత్రుల ప్లాన్లలో ఎల్‌టీ ప్యానెల్ (భవనానికంతా సప్లై పంచే మెయిన్ ప్యానెల్), యూపీఎస్, డీజిల్ ట్యాంకు సెల్లార్‌లోనే పెట్టి తెస్తున్నారు. గ్రౌండ్ ఫ్లోర్ చదరపు అడుగు ఖరీదు అలాంటిది, అక్కడ ఫార్మసీ పెడితే అద్దె వస్తుంది.

2014 హుద్‌హుద్ తర్వాత విశాఖలో ఉన్నవాళ్లకు డీజిల్ గురించి ఒకరు చెప్పాల్సిన పని లేదు. కరెంటు రోజుల తరబడి రాలేదు, బంకుల దగ్గర బారులు తీరిన జనం. వంద కిలోవాట్ల లోడ్ గంటకు సుమారు పాతిక, ముప్పై లీటర్లు తాగుతుంది. రెండు వందల లీటర్ల డ్రమ్ము ఒక్కటి ఉంటే ఏడెనిమిది గంటలు వస్తుంది. రెండో రోజుకు ఎవరు తెచ్చిస్తారు, ఏ దారిన తెస్తారు అన్నది తుపాను హెచ్చరిక వచ్చాక ఆలోచిస్తే ఆలస్యమైపోతుంది.

ఇక డాక్టర్ల అభ్యంతరానికి వస్తాను. "రోగులు బెడ్ల మీద ఉండగా కావాలని కరెంటు తీయమంటారా? ఏదైనా అయితే?" న్యాయమైన భయమే, దాన్ని తీసిపారేయను. మొదటిసారే భవనం మొత్తం దించమని నేనూ అనను. ఒక్కో ఫ్లోర్, ఒక్కో ప్యానెల్ చొప్పున మొదలుపెట్టండి. ఓటీలో కేసు లేనప్పుడు, డయాలసిస్ రెండు షిఫ్టుల మధ్య చేయండి. వెంటిలేటర్ మీద ఉన్న ప్రతి రోగి పక్కన ఒక సిస్టర్, చేత్తో నొక్కి శ్వాస అందించే అంబూ బ్యాగ్ అందుబాటులో, ఫ్లోర్‌లో డ్యూటీ డాక్టర్, ప్యానెల్ దగ్గర వెంటనే మళ్లీ పైకెత్తగల మనిషి ఉండాలి. బంధువులకు ముందు రోజే చెప్పండి. ఇంతమంది సిద్ధంగా ఉండగా పోయే కరెంటుకు భయపడి, రాత్రి రెండు గంటలకు ఇద్దరు సిస్టర్లు, ఒక వార్డ్ బాయ్ ఉన్నప్పుడు గాలివానకు పోయే కరెంటుకు ఒప్పుకుంటున్నారు. ఈ రెండింటిలో మొదటిదే ప్రమాదమని ఎలా అంటారో నాకు అర్థం కాదు.

ఖర్చు గురించి చిన్న నర్సింగ్ హోమ్‌ల వాళ్లు చెప్పేది వినాలి. ఇరవై పడకలు నడిపే డాక్టర్ దంపతులను ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్లు, రెండో జనరేటర్, సింక్రనైజింగ్ ప్యానెల్ పెట్టమంటే వాళ్లు మూసుకుని పోతారు, ఆ మండలానికి ఉన్న ఒక్క కాన్పుల ఆస్పత్రీ పోతుంది. నేను అడిగేదానికి అంత డబ్బు అక్కర్లేదు. నెలకో అరగంట డీజిల్, ఒక ఎలక్ట్రీషియన్ ఆదివారం బత్తా, ఒక రిజిస్టర్. ఆ రిజిస్టర్‌లో తేలేవాటిలో సగం ఒక వైరు మార్చడంతోనో, ఒక బ్యాటరీ కొనడంతోనో పోతాయి. మిగతా సగానికి డబ్బు ఎప్పటికి సమకూరుతుందో వాళ్లే తేల్చుకోవచ్చు, కనీసం దేనికి కావాలో తెలుస్తుంది.

ప్రభుత్వం వైపు నుంచి కావాల్సింది కూడా చిన్నదే. 2021 జనవరిలో మహారాష్ట్ర భండారాలో నవజాత శిశువుల వార్డులో మంటలకు పది మంది పసివాళ్లు చనిపోయాక దేశమంతా ఫైర్ ఎన్ఓసీలు అడిగారు, మంచిదే. రిజిస్ట్రేషన్ రెన్యూవల్ అప్పుడు ఫైర్ ఎన్ఓసీ అడిగినట్టే, గత పన్నెండు నెలల మెయిన్ ఫెయిల్యూర్ టెస్ట్ షీట్లు అడగండి. జనరేటర్ ఎన్ని కేవీఏ అన్నది కాదు. మెయిన్ దించిన సమయం, ఐసీయూలో, ఎస్‌ఎన్‌సీయూలో (నవజాత శిశువుల ప్రత్యేక వార్డు), ఓటీలో సప్లై తిరిగి వచ్చిన సమయం, రాని సాకెట్ల నంబర్లు, ఆ తర్వాతి నెలలో అవి బాగయ్యాయో లేదో. షీట్ కింద ఎలక్ట్రీషియన్ సంతకంతో పాటు ఆ ఫ్లోర్ సిస్టర్ సంతకం ఉండాలి, లేకపోతే మళ్లీ సోమవారం లాగ్ బుక్కే అవుతుంది. అన్నీ సక్రమంగా ఉన్నాయని పన్నెండు నెలలూ రాసిన షీట్లు ఎవరైనా తెస్తే, ఇన్‌స్పెక్టర్ అక్కడికక్కడే ఆ ఒక్క ఆస్పత్రిలో మెయిన్ దించి చూడాలని నా సలహా.

ఒక ఆస్పత్రి ఎండీ నాతో ఇలా అన్నారు. "దించమంటున్నారు కాబట్టి దించుతాం. కానీ ఏదైనా అయితే మీ పేరు రాస్తాం." రాయండి సార్ అన్నాను. దించకుండా ఉన్నప్పుడు ఏదైనా అయితే ఎవరి పేరు రాయాలో కూడా అదే కాగితం మీద, పక్క కాలమ్‌లో రాసి పెట్టమన్నాను. ఆయన అకౌంట్స్ వాళ్లను పిలిచి డీజిల్ కొటేషన్ అడిగారు.